తోడుచూపు

శ్యామల కూతురి ఓణీల వేడుకలో డ్రోను కెమెరా పాయసం గంగాళంలో పడిందంటే తప్పు డ్రోనుదీ కాదు, దాన్ని ఎగరేసినవాళ్ళదీ కాదు. అక్షింతల పళ్ళెం పట్టుకుని వేదిక పక్కన బుద్ధిగా నిలబడమని తొమ్మిదేళ్ళ నైమిషకి చెప్పారు. పాపం, నిలబడింది కూడా. తలల మీదుగా ఆ కెమెరా గుయ్యిమంటూ వచ్చేసరికి పళ్ళెం ఎక్కడ పెట్టిందో ఏమో, కుర్చీ ఎక్కి, కుర్చీ మీంచి వడ్డన బల్ల ఎక్కి, చెయ్యి చాపి దాన్ని ఒడిసిపట్టుకుంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలన్న ఆలోచన మాత్రం లేదు. రెక్కలు వేళ్ళకి తగిలి చురుక్కుమనగానే వదిలేసింది.

హాల్లో సగంమంది పాయసం వంక చూశారు. మిగతా సగం నైమిష తల్లి ప్రణతి వంక చూశారు. ఇలాంటప్పుడు జనం పిల్లని ఎక్కువసేపు చూడరు, తల్లినే చూస్తారు.

ప్రణతి నవ్వింది. ఇలాంటి సందర్భాలకని ఆమె దగ్గర ఒక నవ్వు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పిల్లని బల్ల మీంచి దింపి, వేళ్ళు చూసి, ఆడపడుచు శ్యామల దగ్గరికి వెళ్ళి, "క్షమించండి వదినా, పాయసం నేను తెప్పిస్తాను" అంది.

"పోనీలే ప్రణతీ, చిన్నపిల్ల" అంది శ్యామల. కానీ ఆ "పోనీలే" పెదాల మీదే ఉందని, కళ్ళలో లేదని ప్రణతికి తెలిసింది. అలాంటివి ఆమెకి ఇట్టే తెలిసిపోతాయి.

కారులో వస్తుంటే వెనక సీట్లోంచి నిమ్మి ముందుకి వంగింది. ఇంట్లో అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు. "అమ్మా, పాయసంలో మునిగినా దాని లైటు ఆరలేదు, చూశావా? జీడిపప్పులన్నీ ఎర్రగా కనిపించాయి!" భర్త భార్గవ్ స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వాడు. ప్రణతి ముఖం ముడుచుకుంది. పిల్లని తిట్టనూ లేదు, కొట్టనూ లేదు. ఈ తొమ్మిదేళ్ళలో నిమ్మిని నోరెత్తి ఒక్క మాట అనలేదని ఆమెకి లోలోపల చాలా గొప్ప. ముఖం చిన్నబుచ్చుకుని కూర్చోవడం కూడా ఒక మాటేనని ఆమెకి ఇంకా తోచలేదు.

నిమ్మికి ఏడీహెచ్‌డీ అని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. "మొండిపిల్లా కాదు, తెలివికి తక్కువా లేదు. దృష్టి నిలపడం, ఆగాల్సినచోట ఆగడం మనకన్నా తనకి కష్టం. ఆ కష్టంలో మీరు తోడుండాలి" అన్నాడాయన. శిక్షణ ఇచ్చే టీచరమ్మ దారులు చూపించింది. పాఠాన్ని ముక్కలు చేసి మధ్యలో పిల్లని పరిగెత్తనివ్వడం, చేతిలో నలపడానికి మెత్తటి బంతి ఇవ్వడం, ఊయల మీద ఊగుతూ ఎక్కాలు అప్పజెప్పించడం. అవి పనిచేశాయి. ఊయల మీద నిమ్మి పన్నెండో ఎక్కం దాకా వెళ్ళింది. వచ్చిన చిక్కల్లా ఊయల అపార్టుమెంటు నడుమ ఉంది. గొంతెత్తి ఎక్కాలు అరుస్తూ ఆకాశానికి ఎగిరే పిల్లని చుట్టూ బాల్కనీల్లోంచి జనం చూసేవారు. కొన్నాళ్ళకి ఎండగా ఉందని, కొన్నాళ్ళకి దోమలున్నాయని ఊయల ఆగిపోయింది. ఎందుకాగిందని భార్గవ్ అడిగితే ప్రణతి ఆ రెండు కారణాలే చెప్పింది. తనకి తాను కూడా అవే చెప్పుకుంది.

పాయసం గొడవ జరిగిన మర్నాడే ఆమె డాక్టర్ జిలానీ గారి గదిలోకి వెళ్ళి, తోడుచూపు ప్రయోగంలో తన కూతురిని చేర్చుకోమని అడిగింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద ఉన్న ఆ మెదడు పరిశోధనశాలకి జిలానీ గారు పెద్ద. ప్రణతి అక్కడ ఇంజనీరు. తోడుచూపు అంటే రెండు పట్టీలు. పెద్దవాళ్ళు ఒక పని మీద మనసు నిలిపినప్పుడు మెదడులో పుట్టే లయని ఒక పట్టీ పట్టుకుంటుంది. రెండో పట్టీ ఆ లయని సన్నని ప్రకంపనలుగా పిల్లల మెదడుకి అందిస్తుంది. ఇంట్లో కరెంటు పోతే పక్కింటి నుంచి తీగ లాగి దీపం పెట్టుకోమూ, ఇదీ అంతే. లయ ఇచ్చేవాళ్ళని అక్కడ దాతలు అనేవారు. దాతకి కాస్త అలసట తప్ప నష్టం లేదు. రోజూ కాసేపు ఇలా తోడిస్తే పిల్లల మెదడు ఆ దారి తనంతట తానే నేర్చుకుంటుందని వాళ్ళ ఆశ.

"సొంత స్టాఫ్ పిల్లలు వద్దమ్మా" అన్నారు జిలానీ గారు. "నువ్వు రీడింగులు చూస్తావా, కూతురిని చూసుకుంటావా?"

"సార్, ఈ పట్టీ సగం నా చేతుల మీద తయారైంది. నా బిడ్డకి పనికిరానప్పుడు ఇంకెవరి బిడ్డకి ఇవ్వమంటారు?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. కాదనలేకపోయారు.

దాతల నిలకడ కొలవడానికి ఆయన పెట్టిన పరీక్ష చూసి బయటివాళ్ళు నవ్వేవారు. ఒక గది, ఒక చాట, చాట నిండా రాళ్ళు కలిపిన కందిపప్పు. కంప్యూటరు ముందు కూర్చోమంటే సగంమందికి చెమటలు పడతాయి, పప్పులో రాళ్ళేరడం ఎవరికి రాదు అని ఆయన వాదన. గదికి ఒక వైపంతా అద్దం. అద్దం అవతల జట్టంతా నిలబడి, తెర మీద దాత నిలకడ గీతగా సాగడం చూస్తారు. ఎవరి గీతైనా కాసేపటికి వంకర్లు పోతుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇల్లు గుర్తొస్తుంది, రేపటి కూర గుర్తొస్తుంది.

కూతురికి దాతగా కూర్చున్న ప్రణతి గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది.

అద్దం అవతల చప్పట్లు వినిపించాయి. "ఇన్నేళ్ళలో ఇలాంటి నిలకడ చూడలేదు" అన్నారు జిలానీ గారు, తలుపు తీసుకుని వచ్చి మరీ. ఓణీల వేడుక తరవాత నలుగురు తనని మెచ్చుకోలుగా చూడడం అదే మొదలు. ప్రణతికి కడుపు నిండిపోయింది. ఏరిన పప్పు ఎప్పటిలాగే క్యాంటీనుకి వెళ్ళింది. మధ్యాహ్నం పప్పన్నంలో రాయి తగిలితే జిలానీ గారు వంటమనిషి మీద ఒక కేక వేసి, మిగతాది తిన్నారు.

పిల్లల పట్టీ రిబ్బను కింద దాగిపోతుంది, తల్లిది ముడిలో దాగిపోతుంది. అది ప్రణతికి అన్నిటికన్నా నచ్చిన సంగతి. మొదటి సాయంత్రం నిమ్మి తీసివేతల లెక్కలన్నీ కూర్చున్నచోటు కదలకుండా చేసింది. పెన్సిలు విసరలేదు, నీళ్ళని లేవలేదు, కిటికీ మీద బల్లికి పేరు పెట్టలేదు. ప్రణతి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి, సంతోషం పట్టలేక ఏడ్చింది.

రెండు నెలల తరవాత శ్యామల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నిమ్మి, రిబ్బను కింద పట్టీతో, పట్టుపావడా సర్దుకుని, అయిదు కథలయ్యేదాకా, హారతి దాకా, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చివర్లో శ్యామల ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "మా నిమ్మేనా ఇది! ఏం మంత్రం వేశావే ప్రణతీ? మా పెద్దాడికి కూడా కాస్త వెయ్యవే!" అంది. ఈసారి మెప్పు ఆవిడ కళ్ళలో కూడా ఉంది. ప్రణతి ఆ రోజు ప్రసాదం మూడుసార్లు పెట్టించుకుంది.

తిరుగుదారిలో భార్గవ్ అడిగాడు. "ఏవే నిమ్మీ, అంత బుద్ధిగా విన్నావు కదా, ఆ షావుకారు పడవలో సరుకంతా ఏమైపోయిందో చెప్పు."

"తెలీదు నాన్నా."

"మరి అంతసేపూ ఏం విన్నట్టు?"

"వినలేదు. అందరూ ఎక్కడ చూస్తున్నారో చూశాను. అత్త ముందు అమ్మని చూసింది, తరవాత నన్ను చూసింది. ఆకుపచ్చ చీర ఆవిడ నా కాళ్ళ వైపు చూసింది. అందుకే కాళ్ళు పావడాలో దాచేసుకున్నా."

భార్గవ్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆకుపచ్చ చీర ఆవిడ నిమ్మి కాళ్ళ వైపు చూడడం ప్రణతీ చూసింది. చూసి, పిల్ల కాళ్ళు దాచుకుంటే బాగుణ్ణని అనుకుంది. అనుకున్న క్షణానే నిమ్మి కాళ్ళు దాచుకుంది. పిల్లకి లోకజ్ఞానం వస్తోందని ప్రణతి సరిపెట్టుకుంది.

ఆ తరవాత ఇంట్లో చప్పుడు తగ్గిపోతూ వచ్చింది. నిమ్మి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. తలుపు తీసేముందు జుట్టు సవరించుకునేది. పట్టీ ఉన్నప్పుడే కాదు, లేనప్పుడూ అంతే. స్కూలు టీచరు ఫోను చేసి, "మీ పాప ఎంత మారిపోయిందండీ! క్లాసులో ఉందో లేదో కూడా తెలియడం లేదు" అంది సంబరంగా. ప్రణతి ఆవిడకి థాంక్సు చెప్పింది.

ఒక ఆదివారం భార్గవ్ పిల్లని ఊయల దగ్గరికి తీసుకెళ్ళాడు. కాసేపటికే ఇద్దరూ వచ్చేశారు. నిమ్మి తన గదిలోకి వెళ్ళిపోయింది.

"ఊగలేదు" అన్నాడు భార్గవ్. అతనూ ప్రణతీ ఇంజనీరింగులో ఒకే క్లాసు, ఆమె దగ్గర మనసులో మాట దాచుకునే అలవాటు అతనికి లేదు. "ఊయల మీద కూర్చుని బాల్కనీలన్నీ ఒక్కొక్కటే చూసింది. చూసి, దిగిపోదాం నాన్నా అంది. నాకు భయమేస్తోంది ప్రణతీ."

"ఇన్నాళ్ళూ గోలగా ఉందని బాధపడ్డాం. ఇప్పుడు గోల లేదని బాధపడదామా?"

"గోలకి నేనెప్పుడు బాధపడ్డాను? నువ్వు పడ్డావు."

నిమ్మి ఊయల మీద కూర్చుని తలెత్తి చూసిన బాల్కనీల్లో తమ బాల్కనీ కూడా ఉంది. అందులో నిలబడి కిందికి చూస్తున్నది ప్రణతే.

ఆ వారమే పరిశోధనశాలలో పిల్లల తుది పరీక్ష. తెర మీద రైతుబజారు బొమ్మ వేస్తారు. కూరల బుట్టలు, బేరాలాడే జనం, ఎక్కడో ఒక చిలుక. ఆ చిలుకని వెతకాలి. పిల్లల చూపు ఎటెటు తిరిగిందో యంత్రం ఎర్రచుక్కలతో గుర్తుపెడుతుంది. పట్టీ పెట్టకముందు ఇదే బొమ్మ చూపిస్తే నిమ్మి చిలుకని ఇట్టే కనిపెట్టి, అది ఏ మిరపకాయ కొట్టేయబోతోందో కథ కూడా చెప్పేసింది. అప్పుడు చుక్కలు బొమ్మంతా చిందరవందరగా పడ్డాయి.

ఈసారి చుక్కలు కుదురుగా, వరసగా పడ్డాయి. ఒక్కటీ కూరల మీద లేదు. అన్నీ మనుషుల కళ్ళ మీదే ఉన్నాయి.

"చిలుక ఏదమ్మా?" అని అడిగారు జిలానీ గారు.

నిమ్మి తల వంచుకుంది. "వీళ్ళందరూ నన్నే చూస్తున్నారు తాతగారూ" అంది మెల్లిగా.

ఆయన పిల్లని బయటికి పంపి, ప్రణతిని తన గదికి రమ్మన్నారు. బల్ల మీద పేపరు పరిచి, బీరువాలోంచి ఒక చిన్న డబ్బా తీసి అందులో పప్పు దాని మీద కుమ్మరించారు. ప్రతి దాత ఏరిన పప్పులోంచీ ఒక గుప్పెడు నమూనా తీసి ఉంచడం అక్కడి పద్ధతి. తీసి ఉంచడమే తప్ప ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. గీత అంత తిన్నగా వచ్చాక పప్పు చూడడం దేనికి?

కందిపప్పులో రాళ్ళు అలాగే ఉన్నాయి.

"మిగతావాళ్ళవి కూడా ఇందాకే చూశాను" అన్నారు జిలానీ గారు. "గీత ఎంత వంకర పోయినా రాళ్ళు లేవు. దాతల్లో ఆ వీణ నేర్పే టీచరు గారి కొడుకు ఇప్పుడు ఫ్యాను చప్పుడుకి శ్రుతి వెతుకుతున్నాడట. ఆటో నడిపే ఆయన కూతురు మెట్లు దిగేముందు వెనక్కి తిరిగి చూస్తోందట. విని నవ్వుకున్నాను, ముద్దుగా ఉందనుకున్నాను. నిలకడకి రంగూ రుచీ ఉండవనుకున్నానమ్మా. ఉన్నాయి. మనసు దేని మీద నిలిస్తే అది కూడా తీగలో వెళ్ళిపోతోంది." గొంతు తగ్గించి అడిగారు. "ఆ రోజు నీ మనసు పప్పు మీద లేదు. దేని మీద ఉంది తల్లీ?"

ప్రణతికి ఆ రోజు బాగా గుర్తుంది. ఒక్క రాయైనా కంటికి ఆనలేదు. వీపు వెనక అద్దం ఉంది. అద్దం అవతల ఎవరెవరు నిలబడ్డారు, తన గురించి ఏమనుకుంటున్నారు, పాయసం సంగతి వీళ్ళదాకా వచ్చిందా, అలాంటి పిల్లని కన్నది ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారా. చేతులు పప్పులో ఆడుతూనే ఉన్నాయి, మనసు ఆ అద్దం మీంచి కదిలితే ఒట్టు.

"అద్దం మీద" అంది.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ గదిలో నేల చీలితే అందులోకి దిగిపోయేది. తొమ్మిదేళ్ళు నోరు కట్టుకుని ఏ మాటైతే పిల్లతో అనకుండా దాచిందో, దాన్ని రోజుకో గంట చొప్పున నేరుగా పిల్ల తలలోకి పోసింది. రిబ్బను కింద పెట్టి మరీ పోసింది.

"పట్టీ ఇవాళే తీసేద్దాం. తీసేస్తే పోతుందా సార్?"

"మెదడు దారి నేర్చుకుంటుందనే కదా మనం ఇది కనిపెట్టాం" అన్నారాయన. "నేర్చుకుంది. మరిచిపోవడం కూడా నేర్చుకోవచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చే వారం, పట్టీకి అనుమతి ఇచ్చే కమిటీ ముందు మనం మాట్లాడాలి. పరికరంలో లోపం కనబడింది, వాయిదా వెయ్యమని నేనే అడుగుతాను. నీ పేరు రాదు. నువ్వు ఆ రోజు సెలవు పెట్టేసుకో."

ప్రణతికి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది. పరికరంలో లోపం అంటే ఏం చేస్తారు? తీగ మారుస్తారు, లయ సరిచేస్తారు, మళ్ళీ అద్దం ముందు తల్లుల్ని కూర్చోబెడతారు. పట్టీ కోసం ఇప్పటికే బోలెడు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. అందరికన్నా ముందు వచ్చి నిలబడేది తనలాంటి వాళ్ళే. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో, స్కూలు గేట్ల దగ్గర తల దించుకుని విసిగిపోయినవాళ్ళు. వాళ్ళ గీతలే అన్నిటికన్నా తిన్నగా వస్తాయి.

"నేనే మాట్లాడతాను సార్" అంది.

సమావేశం రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో కమిటీ సభ్యులు, వాళ్ళ వెనక పట్టీ కోసం వచ్చిన తల్లిదండ్రులు. తమ్ముడి భార్య వేదిక మీద మాట్లాడుతోందని తెలిసి శ్యామల కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. పక్కన భార్గవ్, నిమ్మి. నిమ్మి తలకి పట్టీ లేదు. అయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని కూర్చుంది.

ప్రణతి మైకు ముందు నిలబడింది. ఇంట్లో వంద రకాలుగా చెప్పుకుని వచ్చింది. నోరు తెరిచేసరికి మాత్రం ఆఫీసు భాష వచ్చింది. "ఒక దాత విషయంలో" అంది. "ఆ దాత దృష్టి నిర్దేశించిన పని మీద కాకుండా పరిసరాల మీద కేంద్రీకృతమైనట్టు గమనించాం. తత్ఫలితంగా ఆ బాలికలో..."

అక్కడ ఆగిపోయింది. ఆ దాత ఎవరన్నది ఇప్పుడు చెప్పాలి. కమిటీ అధ్యక్షురాలు కలం ఎత్తి పట్టుకుని చూస్తోంది. శ్యామల చూస్తోంది. వెనక వరసల్లో ఒళ్ళో నిలవని పిల్లల్ని పట్టుకుని తల్లులు చూస్తున్నారు. ప్రణతి "ఆ బాలికలో" అని ఇంకోసారి అని, కాగితాలు సర్దుకుంది. హాల్లో గుసగుసలు బయల్దేరాయి.

శ్యామల పక్కనుంచి నిమ్మి లేచింది. పరిగెత్తలేదు. గోడవారగా, ఎవరికీ అడ్డం రాకుండా నడిచి, మెట్లెక్కి వేదిక మీదికి వచ్చి, తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"వచ్చెయ్యమ్మా" అంది రహస్యంగా. మైకు ఆ రహస్యాన్ని హాలంతా వినిపించింది. "అందరూ చూస్తున్నారు."

హాలు ముద్దుగా నవ్వింది. "ఎంత బుద్ధిమంతురాలండీ" అన్నారెవరో. వెనక ఒకావిడ, గింజుకుంటున్న తన కొడుకుని ఒళ్ళోకి నొక్కుకుని, చూడు ఆ అక్కని చూడు అంది.

ప్రణతి కూతురి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళలో భయం తన కోసం కాదు. అమ్మ పరువు కోసం. అమ్మని అక్కడినుంచి తప్పించి ఇంటికి తీసుకుపోవాలని వచ్చింది. అందరూ చూస్తున్నారన్న మాట ప్రణతి జన్మలో ఆ పిల్లతో పైకి అని ఎరగదు. ఇప్పుడు దాన్ని తన కన్నకూతురి గొంతులో విన్నది. కాళ్ళు మెట్ల వైపు లాగుతున్నాయి. దిగిపోతే చాలు, అంతా అయిపోతుంది. దిగిపోతే ఈ పిల్లకి ఈ పాఠం జన్మంతా మరపురాదు.

ఆమె నిమ్మి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మైకు దగ్గరికి లాక్కుంది. ముఖం, మెడ, చెవులు మండిపోతున్నాయి. అవి మండుతుండగానే చెప్పింది.

"పరికరంలో ఏ లోపమూ లేదండీ. ఆ దాతని నేనే. ఇది నా కూతురు. దీన్ని చూసి మీరెవరూ మెచ్చుకోకండి."